గోడకును కప్పునకును నడుమ

యాత్ర యనగా పుణ్యక్షేత్రమునకో, కొండలమీదికో, సముద్రతీరమునకో పోవుట మనకు పరిపాటి. రెండేండ్ల క్రిందటి కార్తికమాసమున మేము హైదరాబాదునకు పోయిన కారణము వినినచో మీలో కొందఱు నవ్వుదురు. గోడకును కప్పునకును నడుమ జానెడు వెడల్పున ఇంటిచుట్టును తిరుగు పట్టీ యొకటి కలదు గదా, మేస్త్రీలు దానిని కార్నిసు అందురు. దానిని చూచి వచ్చుటకే మేము పోయితిమి. అంత చిన్న వస్తువుకై రాత్రి రైలెక్కవలెనా యందురేమో! ఆ చిన్న వస్తువు మా యింట ఎంత పని చేసినదో ముందు చెప్పి, పిమ్మట యాత్రలోనికి పోయెదము.

ఏలూరులోని మా యిల్లు మా మామగారి తండ్రిగారు కట్టించినది. ముందు హాలు పన్నెండడుగుల ఎత్తు. టేకు దూలములకు క్రిందుగా నాలుగు గోడల చుట్టును ఆ కాలపు సున్నపు కార్నిసు ఇప్పటికిని నిలిచియున్నది. తూర్పు వసారాను తరువాతి కాలమున మూసి గదిగా చేసిరి. అది తొమ్మిదడుగుల ఎత్తు మాత్రమే. అందు మా అత్తగారు ఉందురు. ఐదేండ్ల క్రిందట మా పెద్దమ్మాయి వివాహ సమయమున ఇంటికి రంగులు వేయించుచు, ఆ గదికి కూడ అందము చేయుదమని ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పోతపోసిన పది అంగుళముల పూలకార్నిసును అతికించితిమి. ముహూర్తము దగ్గఱపడుచుండెను. పని నాలుగు దినములలో ముగిసినది. చూచినవారందఱు మెచ్చుకొనిరి.

రెండేండ్ల క్రిందటి శ్రావణమున మూడు దినములు ఎడతెగని వాన కురిసెను. ఒకనాటి ఉదయము మా అత్తగారు తులసికోటకు నీళ్లు పోయుటకై మంచము దిగి వెళ్లిన నిమిషమునకే గదిలో పిడుగుపడినట్లు చప్పుడయ్యెను. పరుగెత్తి చూడగా నాలుగడుగుల పొడవుగల కార్నిసు ముక్క ఆమె తలగడపైన పడి, పూలును ఆకులును చూర్ణమై, పక్కయంతయు తెల్లని పిండితో నిండియుండెను. మాకు నోట మాట రాలేదు. ఆమె మాత్రము గుమ్మముకడ చెంబుతో నిలువబడి నిదానముగా నొక్కమాట అనిరి.

"పెళ్లికి అందం కావాలన్నారు, పెట్టుకున్నారు. దానికింద పడుకునేది నేను గదా, నన్నెవరూ అడగలేదు."

ఆ మాట మాకు ఆ ముక్కకంటె బరువుగా తగిలినది.

పిలిపించిన మేస్త్రి ఇల్లంతయు చూచి, హాలులోని పాత సున్నపు కార్నిసుకు కూడ పగుళ్లున్నవనియు, అది సయితము ఎప్పుడో ఒకప్పుడు పడుననియు, అంతయు కొట్టివేసి తొమ్మిదడుగుల యెత్తున కొత్తగా అబద్ధపు కప్పు దింపుట మేలనియు చెప్పెను. మా అబ్బాయికి ఆ మాట నచ్చినది. మావారు లెక్కలు వేయసాగిరి. మాకు ఎటు తోచలేదు. కొట్టివేసినదానిని మరల తేలేము; కొట్టకున్న ఎవరితలపైనైన పడునేమో యను భయము. అప్పుడే హైదరాబాదున నున్న మా ఆడుబిడ్డ టెలిఫోనులో మాటలాడుచు, "వదినా! ఇల్లు కొట్టేముందు ఒకసారి ఇక్కడికి రా. రెండు వందల ఏండ్లనుంచి నిలిచిన కార్నిసులు చూపిస్తాను. అవి ఎందుకు నిలిచాయో తెలిస్తే, మనది ఎందుకు పడిందో తెలుస్తుంది" అని పిలిచెను. ఆ పిలుపే మా యాత్రకు మూలము.

మొదటి దినమున మా ఆడుబిడ్డ మమ్ము కోఠీలోని పాత రెసిడెన్సీ భవనమునకు తీసికొనిపోయెను. ఆమె బాల్యమున చదువుకొన్న కళాశాల అది. 1924లో స్థాపింపబడిన ఉస్మానియా మహిళా కళాశాల 1949లో ఈ ప్రాంగణమునకు వచ్చినది. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయమైనది. 2024లో దానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి. ఒకనాడు కంపెనీవారి ప్రతినిధి కొలువుతీరిన మేడలో తరతరముల ఆడుపిల్లలు పుస్తకములు పట్టుకొని తిరుగుట తలచుకొనిన మాకు ముచ్చటయైనది. చూడగోరువారు సందర్శనవేళలను ముందుగా కనుగొని పోవుట మంచిది.

ముందుభాగమున ఎత్తైన కొరింథియన్ స్తంభముల వరుస. మెట్లకు ఇరువైపుల రెండు పెద్ద సింహములు. స్తంభములపైని ముక్కోణపు ముఖభాగమున ఈస్టిండియా కంపెనీవారి చిహ్నము. దూరమునకు పాలరాతి మేడవలె తోచునుగాని, దగ్గఱకు పోయి చూడగా ఆ తెల్లదనమంతయు ఇటుకపై సున్నపు పనితనము. ఇట్టి భవనమును 1803 ప్రాంతమున ప్రారంభించినవాడు రెసిడెంటు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్. నమూనా గీచినవాడు మద్రాసు ఇంజనీర్లలోని శామ్యూల్ రసెల్. కిర్క్‌పాట్రిక్ హైదరాబాదు ప్రభుకుటుంబపు కన్యయగు ఖైరున్నీసాను వివాహమాడిన కథ చాలమంది వినియేయుందురు. ఆయన 1805లో కలకత్తాలో మరణించెను. తాను మొదలిడిన మేడ పూర్తియగుటను చూడలేదు. ఆమె 1813లో కన్నుమూసెను.

ఆ మేడ వెనుకభాగమున నున్న ఒక చిన్న మేడను మా ఆడుబిడ్డ చూపెను. పెద్ద భవనపు నమూనాయే అది. ఘోషాలోనున్న ఖైరున్నీసా మేడ ముందువైపునకు వచ్చి చూచుటకు వీలులేక, ఆమె కొఱకై జనానాతోటలో ఈ బొమ్మమేడను కట్టించెనని జనులు చెప్పుకొందురు. అది చరిత్రయో, కట్టుకథయో మేము నిర్ణయింపజాలము. ఆమె నివసించిన రంగమహలు నేడు లేదు. తరువాత వచ్చిన దొరల కాలమున దానిని పడగొట్టిరి. తన యింటి ముఖమును బొమ్మలో చూచుకొన్న ఆ యిల్లాలిని తలచుకొనగా, "నన్నెవరూ అడగలేదు" అన్న మా అత్తగారి మాట మరల చెవిని పడినట్లయ్యెను.

లోపల దర్బారుశాల చాల ఎత్తు. చిత్రములు వ్రాసిన కప్పు, దీపవృక్షములు, నిలువుటద్దములు, రెండుగా చీలి పైకి పోవు మెట్లవరుస. "ఈ మెట్లమీద కూర్చుని ఎన్ని పాఠాలు వల్లెవేశామో! కాని ఒక్కసారీ తలెత్తి పైకి చూడలేదు వదినా" అని మా ఆడుబిడ్డ నవ్వెను. ఈ భవనము చాలకాలము శిథిలావస్థలో నుండెను. 2002లో ప్రపంచ కట్టడముల నిధివారు దీనిని ప్రమాదస్థితిలోనున్న కట్టడముల పట్టికలో చేర్చిరి. పిమ్మట ఏండ్లతరబడి బాగుచేయగా నేటి రూపము వచ్చినది.

అచ్చట నిలిచి బయటి కార్నిసును చూచుచుండగా మాకు మొదటి పాఠము బోధపడినది. పైన వంపుతిరిగిన పెదవి, దానిక్రింద ముందుకు పొడుచుకొనివచ్చిన పలక, ఆ పలకక్రింద పండ్లవరుసవంటి చిన్న దిమ్మలు. ఇవియన్నియు అలంకారములని మనము అనుకొందుము. కాని ముందుకు వచ్చిన పలక వాననీటిని గోడకు దూరముగా విసరుటకు ఏర్పడినది. పండ్లవరుస పూర్వము కొయ్య యిండ్లలో బయటికి కన్పించు వాసముల కొనలకు గుర్తని రోమను శిల్పాచార్యుడు విట్రూవియస్ ఎప్పుడో వ్రాసియుంచెను. మన దేవాలయములలో సయితము గోడపై గుండ్రముగా వంగివచ్చు చూరును కపోతమందురు. అదియు పూరికప్పు చూరునుండి పుట్టినదే. మన శిల్పులు పీఠమునకు ఉపానము, పద్మము, కుముదము, కంఠము, పట్టిక యని పేర్లు పెట్టి తీర్చిన వంపులును, ఆ దొరల మేడమీది వంపులును చూచినచో, వేఱువేఱు భాషలలో చెప్పిన ఒకే మాటవలె తోచును. వాన రెండుచోట్లను ఒకటే గదా!

ఇంటిలోపలి కార్నిసుకు వానను విసరు పని లేదు. గోడయు కప్పును కలియుచోట పగులు రాక తప్పదు. ఎండకు ఒకటి సాగును, చలికి ఒకటి ముడుచుకొనును. ఆ పగులును కప్పి, కంటికి ఒక హద్దు చూపుట దాని పని. కావున లోపలి కార్నిసు ఎంత అందమైనదైనను, పైకప్పు కారుచున్నచో అది నిలువదు. మా గదిలో ముందు డాబా బాగుచేయింపక పూలు అతికించితిమి. తప్పు ఎచ్చటనున్నదో అప్పుడే సగము తెలిసినది.

మిగిలిన సగము రెండవనాడు తెలిసినది. పాతబస్తీలో మా ఆడుబిడ్డ స్నేహితురాలి పుట్టింట సున్నపుపని జరుగుచుండగా అక్కడికి పోయితిమి. వృద్ధుడగు మేస్త్రి యొకడు పరంజాపై కూర్చుండి గోడచుట్టును కొత్త కార్నిసు తీయుచుండెను. ఇది పోతపోసి అతికించునది కాదు, గోడమీదనే పుట్టించునది. ముందుగా గోడకు ఒక సన్నని కొయ్యబద్దను మట్టముచూచి దిగగొట్టును. కావలసిన వంపులను రేకులో కత్తిరించి, దానికి వెనుక కొయ్యపలక బిగించి, ఆ బద్దవెంబడి నడుపును. గానుగలో నూఱిన సున్నమును, ఇసుకను, కరక్కాయ నానబెట్టిన నీటిని, బెల్లపునీటిని కలిపి మొదట ముతకపూతగా పెట్టి రేకును లాగును. అది గట్టిపడిన పిమ్మట మఱియొక పూత. తుదకు మెత్తని సున్నముతో సన్నపూత. ఒక్కొక్కసారి రేకు నడచినప్పుడు వంపులు కొంచెము కొంచెముగా తేటపడును. వడియములపిండి గొట్టములో నొత్తినప్పుడు చక్రపుగుర్తు ఎట్లు దిగునో అట్లు.

"రేకు తిన్నగా నడిస్తే పని అయిపోయినట్టు కాదమ్మా. మూల దగ్గర రేకు నడవదు. అక్కడ చేత్తోనే తీయాలి. మేస్త్రి ఎవడో మూల చూస్తే తెలిసిపోతుంది" అని అతడు చెప్పెను.

మా యింట జరిగినది చెప్పగా అతడు రెండే ప్రశ్నలు అడిగెను. "గోడమీద పాత వెల్ల గీకారా? మేకులో మరలో వేశారా?" మేము రెండింటికిని లేదంటిమి. అతడు తల యూపి కారణము వివరించెను. పాత వెల్లపూత పొడిపొడిగా నుండును. దానిపై అతికించినది గోడను పట్టుకొనదు, ఆ పొడిని పట్టుకొనును. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ జిప్సమును కాల్చి చేయునది. కలిపిన కొద్ది నిమిషములలోనే గట్టిపడుటచేత పని వేగముగా సాగును. కాని తడి తగులుచున్నకొలది మెత్తబడును. గోడనుండి పొడి వదలినది, డాబానుండి నీరు దిగినది, పది అంగుళముల బరువు క్రిందికి లాగినది. ఇంకేమి కావలెను? సున్నమట్లు కాదు. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకొని మరల రాయియగును. అందులకు వారములు, నెలలు పట్టును. ముహూర్తమునకు తొందరపడువారికి అది పనికిరాదు.

పాత కార్నిసు మంచిదో చెడ్డదో తెలిసికొనుట ఎట్లని అడిగితిమి. అతడు తాపీ పిడితో గోడమీద అక్కడక్కడ తట్టి చూపెను. గట్టిగా పట్టుకొన్నచోట 'టక్కు' మని రాతిపై తట్టినట్లు పలుకును. విడిపోయినచోట ఖాళీ కుండవలె బోలుగా పలుకును. "పగులు కనపడితే భయపడకండి. పలుకు చూడండి. వెంట్రుకవాసి పగులుకు ప్రాణం పోదు. బోలుగా పలికేచోట మాత్రం ఆలస్యం చేయకండి" అనెను. ఈ ఒక్కమాటకొఱకే హైదరాబాదు వచ్చినను ప్రయాణఖర్చు గిట్టినట్లే యని మాకు తోచినది.

ఆ యింటి హాలులో మఱియొక వింత చూచితిమి. మనిషి చేయెత్తిన దానికి కొంచెము పైగా గోడలచుట్టును సన్నని టేకుపట్టీ యొకటి తిరిగియుండెను. దాని పై అంచు లోగిలివలె చెక్కియున్నది. ఇత్తడి కొక్కెములు ఆ అంచుకు తగిలించి, త్రాళ్లతో పటములు వ్రేలాడదీసిరి. గోడకు ఒక్క మేకైన లేదు. పటమును జరుపవలెనన్న కొక్కెమును జరిపిన చాలును. ఇంగ్లీషువారి ఇండ్లలో ఇట్టి పటముల పట్టీ పూర్వము విరివిగా నుండెడిది. దానిని చూచి ఊరకే బాగున్నదనుకొంటిమి. అది మా యింటికి ఎట్లు పనికివచ్చునో అప్పుడు తోచలేదు.

అచ్చటనుండి చౌమహల్లా ప్యాలెసుకు దూరము లేదు. 1750లో ప్రారంభమైన ఈ రాజభవనసముదాయము ఐదవ ఆసఫ్‌జా అఫ్జలుద్దౌలా కాలమున, 1857కును 1869కిని నడుమ పూర్తియైనది. అఫ్జల్, మహతాబ్, తహనియత్, ఆఫ్తాబ్ అను నాలుగు మహళ్లుండుటచే ఆ పేరు వచ్చినది. ఖిల్వత్ ముబారక్ దర్బారులో పాలరాతి గద్దెయు, పందొమ్మిది స్ఫటికపు దీపగుచ్ఛములును చూపరులను కట్టివేయును. శిథిలమగుచుండిన ఈ భవనములను బాగుచేయించుటకు రాకుమారి ఎస్రా పూనుకొనుటయు, ఆ కృషికి 2010లో యునెస్కోవారి గౌరవము లభించుటయు మన స్త్రీలు జ్ఞాపకముంచుకొనదగిన సంగతులు.

మా కన్నులు దీపగుచ్ఛములపై నిలువలేదు. పైకి, గోడల అంచులకు పోయినవి. కమానులపైన, స్తంభముల తలలపైన, కప్పు అంచున తీగలు, పూలు, ఆకులు సున్నములో అల్లియున్నవి. అంత ఎత్తున అంత పని చూచుటకు ఇంపుగానే యున్నది. ఆ సమయమున పనివారాలొకతె చాల పొడవైన వెదురుకు కుచ్చుకట్టి మూలలు దులుపుచుండెను. మేము చూచుచుండుట గమనించి, "చూడ్డానికి బాగుంటుందమ్మా. దులిపేవాళ్లకి తెలుస్తుంది. ఆకుఆకు సందునా దుమ్మే. కింద దులిపి పైకి చూస్తే మళ్లీ సాలెపురుగు" అని నవ్వెను. రాజులకు పనివారుండిరి. మన యింట దులుపువారు మనమే! పన్నెండడుగుల హాలునకు తగినది తొమ్మిదడుగుల పడకగదికి తగదనియు, లోతైన పూలకంటె సాదా వంపులే ఇల్లాలికి సుఖమనియు ఆమె మాటతో నిశ్చయమైనది.

మూడవనాడు బజారులో దుకాణములు తిరిగితిమి. చూచినవానిని సంగ్రహముగా చెప్పెదము. టేకు చక్కగా నిలుచును గాని వెల ఎక్కువ. కొయ్యపొట్టును జిగురుతో అదిమి చేసిన పలకపట్టీలు నునుపుగా, చౌకగా నుండును. నేల తడుపు ఇండ్లలో, తేమగోడలకు అవి ఉబ్బి విచ్చిపోవును. జిప్సముతో పోతపోసినవి స్ఫుటముగా నుండును. బరువు గనుక మరలు తప్పనిసరి. పాలియురథేనుతో చేసినవి తేలిక, తడికి చెడవు. వంపుల పదును కొంత తక్కువ. థర్మోకోలువంటివి మిక్కిలి చౌక; కాని మంటకు వెంటనే కరగి అంటుకొనును గనుక వంటయింటి చాయలకు రానీయరాదు. కొలతకు స్థూలముగా నొక లెక్క గలదు. ఎనిమిది, తొమ్మిదడుగుల గదికి మూడు నాలుగు అంగుళములు, పదడుగులకు ఐదారు, పన్నెండడుగులకు ఎనిమిదివరకు చెల్లును. మా గదికి పెట్టినది పది! తొమ్మిదడుగుల గది అందుచేతనే మఱింత క్రుంగినట్లుండెడిదని ఇప్పుడు తెలిసినది. దుకాణములో ముక్కను చేతబట్టి చూచినప్పుడు అన్నియు చిన్నవిగానే కన్పించును. ఇంట కప్పుక్రింద పెట్టినప్పుడు గాని వాని నిజమైన పరిమాణము తెలియదు. మేమేమియు కొనకయే తిరిగివచ్చితిమి. దుకాణదారు చిన్నబుచ్చుకొనెను.

ఇల్లు చేరగానే మావారిని, అబ్బాయిని నిచ్చెన యెక్కించి హాలులోని పాత కార్నిసును అడుగడుగున తట్టించితిమి. మూడు గోడలు రాతివలె పలికినవి. పడమటిగోడమీద రెండు చోట్ల మాత్రము బోలుపలుకు వినవచ్చెను. "ఇంతేనా! దీనికా ఇల్లంతా కొట్టేయమన్నాడు?" అని మా అబ్బాయి తానే ఆశ్చర్యపడెను. అబద్ధపుకప్పు మాట అంతటితో ముగిసినది. ఆ రెండు చోట్ల వదులుభాగమును తీసివేయించి, సున్నపుపని తెలిసిన మేస్త్రిని వెదకి తెప్పించి, పాత వంపుకు అచ్చుగా రేకు కత్తిరించి అతుకు వేయించితిమి. దగ్గఱకు పోయి చూచినచో అతుకు తెలియును. తెలిసిన నష్టమేమి? చీరకు వేసిన రఫువంటిది.

ఇక మా అత్తగారి గది. మొదట మిగిలిన పూలకార్నిసునంతయు దింపించి, డాబా పైపూతను బాగుచేయించి, తూములు శుభ్రపఱచి, గోడలు ఆరుటకు రెండునెలలు విడిచితిమి. పిమ్మట మూడు, ఐదు, ఏడు అంగుళముల వెడల్పున కాగితపు పట్టీలు కత్తిరించి మూడు గోడల పైఅంచున అంటించి, "అత్తయ్యగారూ! మంచంమీద పడుకుని చూసి, మీకేది బాగుంటే అది చెప్పండి" అంటిమి. ఆమె వారముదినములు ఏమియు చెప్పలేదు. ఎనిమిదవనాడు మమ్ము పిలిచిరి.

"అమ్మాయీ, నాకు పైన ఏ పట్టీ వద్దు. సున్నంతో మూల నున్నగా తీయించు, చాలు. పెళ్లిలో రంగులేసినప్పుడు మీ మామగారి పటం దింపి బీరువాలో పెట్టారు. మేకు కొడితే గోడ రాలుతోందని మళ్లీ పెట్టలేదు. మూడేళ్లయింది. వీలైతే ఆ పటం మంచంమీదనుంచి కనబడేట్టు పెట్టించు."

మేము తలవంచుకొంటిమి. మూడేండ్లుగా ఆమె అడుగలేదు; మేము తలచుకొనలేదు. గదికి ఏది అందమో అని హైదరాబాదు మేడలన్నియు చూచివచ్చితిమిగాని, గదిలోనివారికి ఏది కావలెనో ఇంటిలోనే యుండి కనుగొనలేకపోతిమి. పాతబస్తీ యింటిలోని టేకుపట్టీ అప్పుడు కన్నులకు కట్టినట్లు జ్ఞాపకము వచ్చినది.

పశువులసావడి పాత తలుపు టేకుదే. వడ్రంగి దానిని కోసి చిత్రికపట్టి రెండంగుళముల పట్టీలుగా తీసెను. చెదలుమందు పూసి, గోడకు తగులు వెనుకవైపున కూడ రంగువేసి, గదిగాలికి అలవాటుపడుటకు వారము దినములు ఆ గదిలోనే యుంచితిమి. మన యిండ్లలో నేలయు సమముగా నుండదు, కప్పును సమముగా నుండదు. అందుచేత మేస్త్రీల నీటిగొట్టముతో నాలుగు మూలల మట్టము గుర్తుపెట్టి, నూలు కొట్టి గీతగీయించితిమి. మూలలలో కోతయే కష్టము. మూల సరిగా తొంబది భాగములున్నచో ఒక్కొక్క పట్టీని నలుబదియైదుకు కోయవలెను. మా యీశాన్యమూల తొంబదిరెండు వచ్చినది; నలుబదియాఱుకు కోయగా కలిసినది. అట్టి కోతకంటె మేలైన పద్ధతి యొకటి వడ్రంగి చూపెను. మొదటి పట్టీని మూలవఱకు నిండుగా ఆనించి, రెండవదాని కొనను మొదటిదాని వంపును అనుసరించి ఉలితో చెక్కి దానిపై కూర్చుండబెట్టెను. కొయ్య వేసవిలో ముడుచుకొనినను సందు కనబడదట. రెండడుగులకు ఒకటి చొప్పున ఇటుకలోనికి మరలు బిగించెను. బరువంతయు ఒక్క మేకుపై పడక పట్టీ యంతట పంచుకొనును గనుక గోడ రాలలేదు.

పని ముగిసిన సాయంకాలము మామగారి పటమును తుడిచి, రెండు ఇత్తడి కొక్కెములకు తగిలించితిమి. అత్తగారు మంచముపై పండుకొని చూచి, "కొంచెం ఎడమకి" అనిరి. జరిపితిమి. "ఇంకొంచెం." మరల జరిపితిమి. "ఆఁ, చాలు" అని కన్నులు మూసికొనిరి.

సోదరీమణులారా! కార్నిసు వలదని మేము చెప్పుట లేదు. మా హాలుకు అదియే కళ. పెట్టించువారు ముందు పైకప్పు చూడుడు, పిమ్మట గోడ తట్టుడు, కాగితము అంటించి వారము దినములు ఓపికపట్టుడు, మరలు లేక బరువును తలపై వ్రేలాడదీయకుడు. అన్నింటికంటె ముందు, ఆ కప్పుక్రింద పండుకొనువారిని ఒక్కమాట అడుగుడు. అందులకు రైలెక్క నక్కఱలేదు.

మరుసటి ఆషాఢమున తొలివాన రాత్రి కురిసినది. మేము దీపము పట్టుకొని ఆ గదిలోనికి పోయి కప్పు చూచితిమి. ఎక్కడను చెమ్మ లేదు. అత్తగారు గోడవైపు తిరిగి గాఢముగా నిద్రించుచుండిరి.